పర్వతాల మంచు ఖాతా: వందేళ్ల నిల్వను మోడల్ చేయడం ఎలా?

ఎత్తైన పర్వతాల్లో నీరు రెండు రూపాల్లో నిల్వ ఉంటుంది. చలికాలంలో పడి ఎండాకాలానికి కరిగిపోయే మంచు ఒకటి. ఏళ్ల తరబడి పేరుకుని, తన బరువుకు తానే అణిగి, గట్టిపడి మెల్లగా కిందికి జారే హిమానీనదం రెండోది. మొదటిది ఏటా నిండి ఏటా ఖాళీ అయ్యే గాదె. రెండోది తరతరాలుగా వస్తున్న ఆస్తి. ఆస్తి అమ్ముకుంటూ ఇల్లు గడుపుతున్నా కొన్నాళ్లపాటు బయటివాళ్లకు తెలియదు. నదీ ప్రవాహాన్ని లెక్కగట్టే మోడళ్లలో చాలావాటికి గాదె సంగతి తెలుసు, ఆస్తి సంగతి తెలియదు. పదేళ్లకో పదిహేనేళ్లకో నడిపినప్పుడు ఆ లోపం బయటపడదు. అదే మోడల్‌ను 2100 దాకా నడిపితే తప్పుడు జవాబు వస్తుంది, అదీ చాలా నమ్మకంగా చెబుతుంది.

కొద్దిగా కోడ్ రాయడం, జలశాస్త్రంలో ప్రాథమిక విషయాలు తెలిసినవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. ముందుగా మాటల గురించి ఒక ఒప్పందం. తెలుగులో పొగమంచు నుంచి ఫ్రిజ్‌లోని గడ్డ దాకా అన్నిటినీ మంచు అనే అంటాం. ఇక్కడ ఆ తేడాలు ముఖ్యం కాబట్టి ఆకాశం నుంచి పడేదాన్ని మంచు అని, హిమానీనదంలోని గట్టి గడ్డను ఐస్ అని అంటాను. మంచు, ఐస్ కొలతలన్నీ కరిగితే ఎంత లోతు నీరవుతుందో ఆ లెక్కలోనే చెబుతాను. వేరే అర్థమైతే అక్కడే చెబుతాను.

1. ముందు నీటి లెక్క కాగితం మీద రాయండి

కోడ్ మొదలుపెట్టే ముందు ఒక్క సమీకరణం రాసుకోండి. పడిన వాన, మంచు కలిపిన మొత్తం = నదిలో పోయిన నీరు + ఆవిరైన నీరు + నిల్వలో మార్పు. మామూలు పరీవాహక ప్రాంతాల్లో పాతికేళ్ల సగటు తీస్తే చివరి పదం దాదాపు సున్నా అవుతుంది, అందుకే దాన్ని వదిలేయడం మనకు అలవాటు. హిమానీనదాలున్న చోట అది సున్నా కాదు. 2000 నుంచి 2019 వరకు ప్రపంచంలోని హిమానీనదాలు ఏడాదికి సగటున 267 గిగాటన్నుల ఐస్ కోల్పోయాయని హ్యూగొనే బృందం 2021లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా లెక్కగట్టింది. ఒక గిగాటన్ను అంటే ఒక ఘన కిలోమీటరు నీరు. అలాంటి నీరు నదిలోకి వస్తుంటే, అది ఈ ఏడాది వాన నుంచి వచ్చిందా, పాత నిల్వ నుంచి వచ్చిందా అన్నది మోడల్ విడదీసి చెప్పగలగాలి.

నిల్వలను కనీసం నాలుగు ఖాతాలుగా పెట్టండి: మంచు, మంచులో ఇంకిన ద్రవ నీరు, ఐస్, నేల-భూగర్భ జలం. ప్రతి రోజు చివర నాలుగింటి మార్పులు కూడి, పై సమీకరణంతో సరిపోయిందా అని కోడ్‌లోనే తనిఖీ పెట్టండి. తేడా కంప్యూటర్ గుండ్రం చేసే పొరపాటు కన్నా ఎక్కువగా ఉంటే ప్రోగ్రాం అక్కడే ఆగిపోవాలి. ఈ చిన్న తనిఖీ పెట్టుకోని మోడళ్లలో నీరు ఎక్కడో మాయమవుతూనే ఉంటుంది. వందేళ్ల పరుగులో ఆ మాయమైన నీరే ఫలితాన్ని మార్చేస్తుంది.

2. నేల, ఐస్ మందం

ఈ దశ కష్టమైనది కాదు. 30 మీటర్ల కోపర్నికస్ ఎత్తు పటం గానీ, 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక కొలిచిన ఎస్ఆర్‌టీఎం పటం గానీ తీసుకోండి. పరీవాహక ప్రాంతాన్ని 100 మీటర్ల ఎత్తు పట్టీలుగా కోయండి. 200 మీటర్ల కన్నా వెడల్పు పట్టీలు పెడితే మంచు రేఖ మెట్లుమెట్లుగా దూకుతుంది. హిమానీనదాల సరిహద్దులకు రాండాల్ఫ్ జాబితా ఉంది. దాని ఏడో సంచికలో 2.7 లక్షలకు పైగా హిమానీనదాలు, ఉజ్జాయింపుగా 2000వ సంవత్సరం నాటి హద్దులతో ఉన్నాయి. ఐస్ మందానికి ఫారినొట్టి బృందం 2019లో ఇచ్చిన ఏకాభిప్రాయ అంచనా వాడండి. దాని ప్రకారం గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకలను మినహాయిస్తే ప్రపంచంలో మొత్తం ఐస్ దాదాపు 1,58,000 ఘన కిలోమీటర్లు (ఇది నీటి లెక్క కాదు, ఐస్ ఘనపరిమాణం).

ఇక్కడ తేదీల విషయంలో చాలామంది పొరబడతారు. హద్దులు ఒక సంవత్సరానివి, ఎత్తు పటం ఇంకో సంవత్సరానిది, మోడల్ మొదలయ్యేది మూడో సంవత్సరం. ఏది ఏ ఏడాదికి చెందిందో ఒక పట్టికలో రాసి పెట్టుకోండి, తర్వాత దాంతో చాలా పని పడుతుంది.

3. వాతావరణ డేటా: ఉష్ణోగ్రత సులువు, మంచు కష్టం

ఈఆర్ఏ5-ల్యాండ్ అనే ప్రపంచవ్యాప్త వాతావరణ డేటా సుమారు 9 కిలోమీటర్ల గడుల్లో, 1950 నుంచి గంటగంటకూ దొరుకుతుంది. ఒక గడి సగటు ఎత్తుకు, మీ పట్టీ ఎత్తుకు మధ్య తేడాను బట్టి ఉష్ణోగ్రతను సర్దాలి. కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న పాఠ్యపుస్తకపు అంకెతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగిపోవద్దు. తేమ ఎక్కువగా ఉన్న నెలల్లో ఈ తగ్గుదల నెమ్మదిస్తుంది. కరుగుతున్న ఐస్ మీది గాలిని ఐసే చల్లబరుస్తుంది. స్థానిక కేంద్రాలు రెండున్నా సరే, నెలవారీ విలువలు లెక్కగట్టి వాడితే ఫలితం కచ్చితంగా మెరుగవుతుంది.

అసలు చిక్కు పడే మంచు పరిమాణంతోనే. గాలి వీస్తున్నప్పుడు మంచు రేణువులు కొలపాత్ర మీదుగా ఎగిరిపోతాయి. రక్షణ కవచం లేని పాత్ర, గాలి గట్టిగా ఉన్న రోజు, పడినదానిలో సగం కూడా పట్టకపోవచ్చు. పైగా కొలిచే కేంద్రాలు లోయల్లో ఉంటాయి, మంచు ఎక్కువగా పడేది పైన. ఎగువ సింధు ప్రాంతంలో ఇమ్మర్జీల్ బృందం 2015లో ఈ లెక్కను తలకిందులుగా చేసింది. అక్కడి హిమానీనదాలు ఇప్పుడున్న స్థితిలో నిలబడాలంటే పైన ఎంత మంచు పడుతూ ఉండాలి అని వెనక్కి లెక్కేసింది. జవాబు కొన్నిచోట్ల అప్పటిదాకా అనుకున్నదానికి పది రెట్ల వరకు వచ్చింది. అంటే హిమానీనదం కూడా ఒక వర్షమాపకమే. దీన్ని మనసులో పెట్టుకోండి, ఏడో అడుగులో మళ్లీ ఇక్కడికే వస్తాం.

4. మంచు ఖాతా, మంచు బురుజుల సమస్య

రోజువారీ లెక్క సులువుగానే ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కన్నా తక్కువైతే అంతా మంచు, 2 డిగ్రీలు దాటితే అంతా వాన, మధ్యలో నిష్పత్తిగా పంచండి. కరగడానికి డిగ్రీ-డే పద్ధతి వాడండి. సున్నాకు పైన ఉన్న ప్రతి డిగ్రీకీ రోజుకు మంచు 3 నుంచి 5 మి.మీ., ఐస్ 5 నుంచి 9 మి.మీ. కరుగుతుందని తీసుకోవడం మామూలు. ఉదాహరణకు 3,500 మీటర్ల కేంద్రంలో జూలైలో ఒక రోజు 14 డిగ్రీలు ఉంటే, 5,000 మీటర్ల పట్టీలో 14 - 9.75 = 4.25 డిగ్రీలు. డిగ్రీకి 4 మి.మీ. చొప్పున మంచు 17 మి.మీ. కరుగుతుంది. మంచు పోయి ఐస్ బయటపడితే, డిగ్రీకి 7 మి.మీ. చొప్పున దాదాపు 30 మి.మీ. అదే ఎండ, అదే ఎత్తు, నీరు మాత్రం రెట్టింపుకు దగ్గర. ముదురు రంగు ఐస్ ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టే ఈ తేడా. కరిగిన నీరంతా వెంటనే బయటికి రాదు. మంచు బరువులో పదో వంతు వరకు లోపలే ఆగి, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. దానికీ ఒక ఖాతా పెట్టాలి.

ఇంతవరకు ఏ పాఠంలోనైనా ఉంటుంది. దీర్ఘకాలిక మోడల్‌ను దెబ్బతీసేది దీని తర్వాతి విషయం. శిఖరాల దగ్గర గడుల్లో వేసవిలో కూడా ఉష్ణోగ్రత సున్నా దాటదు. మోడల్ ప్రకారం అక్కడ పడిన మంచుకు దారి లేదు. ఏడాదికి 800 మి.మీ. పడి ఏమీ కరగకపోతే వందేళ్లకు 80 మీటర్ల నీటికి సమానమైన మంచు పేరుకుంటుంది. అలాంటి నేల 20 చదరపు కిలోమీటర్లున్నా 1.6 ఘన కిలోమీటర్ల నీరు శాశ్వతంగా తాళం పడినట్టే. పరిశోధకులు వీటిని మంచు బురుజులు అంటారు. నా మొదటి ప్రయత్నంలో ఒక శిఖరపు గడిలో ఇలాంటి బురుజు లేచింది. ప్రవాహం గ్రాఫ్ చక్కగా ఉండడంతో చాలాకాలం అటు వైపు చూడలేదు. అప్పటినుంచి నేను ప్రవాహం గ్రాఫ్ కన్నా ముందు నిల్వ పటం తెరుస్తాను.

చాలామంది చేసే తప్పుడు చికిత్స, ఒక పరిమితి దాటిన మంచును తుడిచేయడం. అలా చేస్తే నీటి లెక్క తెగిపోతుంది. శిఖరాల ఉష్ణోగ్రతను కావాలని పెంచడం కూడా తప్పే. నిజమైన కొండల మీద మంచు నిటారు వాలుల మీద నిలవదు. హిమపాతాలుగా కింద పడుతుంది, గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఎత్తి పోస్తుంది. అందుకే మోడల్‌లో కూడా మంచుకు కదిలే దారి ఇవ్వండి. ప్రతి గడికీ వాలును బట్టి ఎంత మంచు నిలవగలదో ఒక హద్దు పెట్టి, మించినది కింది గడికి జారేలా రాయండి. వాలు నిటారుగా పెరిగేకొద్దీ హద్దు వేగంగా తగ్గాలి. బెర్న్‌హార్ట్, షుల్జ్ 2010లో ప్రతిపాదించిన స్నోస్లైడ్ పద్ధతి దాదాపు ఇదే, పది పదిహేను వరుసల కోడ్‌తో అయిపోతుంది. మొత్తం నీరు మారదు, చోటు మాత్రమే మారుతుంది. జారిన మంచు చివరికి చేరేది ఎక్కువగా హిమానీనదాల ఎగువ గిన్నెల్లోకే. చాలా హిమానీనదాలు నిజంగానే ఇలా చుట్టుపక్కల వాలుల నుంచి వచ్చిన మంచుతో బతుకుతున్నాయి.

మిగిలిన దారి ఐస్‌గా మారడం. హిమానీనదపు గడిలో వేసవి దాటి మిగిలిన మంచును, జలసంవత్సరం చివర, అంటే చలికాలపు మంచు మీద బతికే ప్రాంతాల్లో సెప్టెంబరు 30న, ఐస్ ఖాతాలోకి బదిలీ చేయండి. తూర్పు, మధ్య హిమాలయాల్లో మాత్రం మంచు పడేది, కరిగేది రెండూ వేసవి రుతుపవనాల్లోనే. అక్కడ ఒక్క తేదీతో పని జరగదు. రోజూ కొద్ది కొద్దిగా బదిలీ చేయడం మంచిది.

5. ఐస్ కరగడం గురించి రెండు మాటలు

డిగ్రీ-డే పద్ధతికి ఒక పరిమితి ఉంది. కరిగే శక్తిలో పెద్ద భాగం సూర్యకాంతి నుంచి వస్తుంది, గాలి వేడెక్కినంత మాత్రాన సూర్యకాంతి పెరగదు. కాబట్టి నేటి డిగ్రీ-డే విలువలను 4 డిగ్రీలు వేడెక్కిన ప్రపంచానికి అలాగే వాడితే కరుగుదల అతిగా రావచ్చు. వికిరణ డేటా ఉంటే ఉష్ణోగ్రత, సూర్యకాంతి రెండింటినీ విడివిడి పదాలుగా తీసుకునే మెరుగైన పద్ధతికి మారండి.

రెండోది రాళ్ల కప్పు. ఒకటి రెండు సెంటీమీటర్ల ధూళి, గులకరాళ్లు ఐస్‌ను వేగంగా కరిగిస్తాయి. అదే పొర ఇంకా మందమైతే దుప్పటిలా కాపాడుతుంది. ఆస్ట్రెమ్ 1959లోనే ఈ సంబంధాన్ని కొలిచి చూపించాడు. హిమాలయాల్లో పెద్ద హిమానీనదాల దిగువ భాగాలు చాలావరకు రాళ్ల కింద ఉంటాయి. అక్కడ ఐస్ డిగ్రీ-డే విలువను పొర మందాన్ని బట్టి తగ్గించాలి.

6. హిమానీనదం ఆకారం మారాలి

హిమానీనదం హద్దులను స్థిరంగా ఉంచితే మోడల్‌లో ఐస్ ఎప్పటికీ అయిపోదు, నది ఎప్పటికీ నిండుగా పారుతుంది. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించే పొరపాటు ఇదే. ఎందుకంటే ఫలితం చూసినవారు నీళ్లకు ఢోకా లేదని నమ్మేస్తారు.

మూడు దారులున్నాయి. మొదటిది విస్తీర్ణం నుంచి ఘనపరిమాణం లెక్కగట్టే సూత్రం. లోయ హిమానీనదాల విషయంలో ఘనపరిమాణం విస్తీర్ణం యొక్క 1.375 ఘాతానికి అనుపాతంలో ఉంటుందని బార్ బృందం 1997లో చూపింది. వందల హిమానీనదాల మొత్తానికి ఇది పనికొస్తుంది. ఒక్క హిమానీనదానికి వాడకండి.

రెండోది 2010లో హుస్ బృందం ఇచ్చిన డెల్టా-హెచ్ పద్ధతి. ఏటా కోల్పోయిన మొత్తాన్ని, గతంలో గమనించిన నమూనా ప్రకారం, ముక్కు (దిగువ కొస) దగ్గర ఎక్కువ, పైన తక్కువ వచ్చేలా పట్టీల మధ్య పంచుతుంది. పరీవాహక స్థాయి మోడళ్లకు చాలామందికి నేను సూచించేది ఇదే. కోడ్ చిన్నది, డేటా అవసరం తక్కువ.

మూడోది ఐస్ ప్రవాహాన్నే లెక్కగట్టడం. ఓజీజీఎం అనే ఉచిత పైథాన్ మోడల్ హిమానీనదపు మధ్యరేఖ వెంట ఈ పని చేస్తుంది. దీని వెనక ఉన్నది గ్లెన్ 1955లో ఇచ్చిన నియమం: ఐస్ సాగే వేగం ఒత్తిడి ఘనానికి అనుపాతంలో ఉంటుంది. దాంతో ఐస్ సాగడం వల్ల కదిలే మొత్తం మందం ఐదో ఘాతం మీద ఆధారపడుతుంది. మందం 10 శాతం తగ్గితే, వాలు మారకుంటే, కిందికి వచ్చే ఐస్ దాదాపు 40 శాతం తగ్గుతుంది. అంటే పల్చబడిన హిమానీనదం ముక్కుకు పైనుంచి సరఫరా చాలా వేగంగా పడిపోతుంది. పెద్ద హిమానీనదాలు నెమ్మదిగా స్పందిస్తాయి కాబట్టి వాటి దగ్గర ఈ పద్ధతికి పెట్టే శ్రమ వృథా కాదు.

7. కాలిబ్రేషన్: ఇక్కడే అసలు పరీక్ష

కాలిబ్రేషన్ అంటే కొలతలకు సరిపోయేలా మోడల్ విలువలను సర్దడం. ఒక లెక్క చూడండి. పరీవాహక ప్రాంతం 500 చదరపు కిలోమీటర్లు, అందులో హిమానీనదాలు 50. ఏడాదికి నిజంగా పడేది 1,000 మి.మీ., మీ డేటా మాత్రం 900 అని చెబుతోంది. 100 మి.మీ. తేడా పెద్దదేమీ కాదు, పర్వతాల్లో ఇంతకన్నా పెద్ద తప్పులు మామూలే. ఇప్పుడు కేవలం నదీ ప్రవాహాన్ని చూపించి మోడల్‌ను సర్దుకోమంటే ఏమవుతుంది? తగ్గిన 5 కోట్ల ఘనమీటర్ల నీటిని అది ఎక్కడి నుంచో తేవాలి. దొరికేది ఐస్ ఒక్కటే. డిగ్రీ-డే విలువను పెంచి, 50 చదరపు కిలోమీటర్ల మీద ఏటా ఒక మీటరు ఐస్ అదనంగా కరిగిస్తుంది. ప్రవాహం అద్భుతంగా సరిపోతుంది. మోడల్ ప్రవాహం కొలిచినదానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పే నాష్-సట్‌క్లిఫ్ స్కోరు (1 అయితే పూర్తిగా సరిపోయినట్టు) 0.9 దగ్గర ఉండొచ్చు. కానీ సగటు ఐస్ మందం 60 మీటర్లయితే, అంటే నీటి లెక్కలో 55 మీటర్లయితే, ఈ అదనపు కరుగుదల ఒక్కటే ఆ హిమానీనదాలను 55 ఏళ్లలో తుడిచేస్తుంది. వాతావరణ మార్పు ఏమీ లేకపోయినా అంతే. తప్పు 10 శాతం వానది, శిక్ష పడింది మొత్తం హిమానీనదానికి.

కాబట్టి వరుస మార్చండి. ముందు ఐస్, తర్వాత మంచు, చివర ప్రవాహం.

మొదట హ్యూగొనే డేటాలో మీ హిమానీనదాల 2000-2019 సగటు మార్పు తీసుకుని, మోడల్ అదే కాలంలో అంతే కోల్పోయేలా మంచు పరిమాణపు గుణకాన్ని (డేటాలోని మంచును ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకెను), డిగ్రీ-డే విలువను సర్దండి. ఒక్కో హిమానీనదానికి ఐదేళ్ల ముక్కలు నమ్మకంగా ఉండవు. ఇరవై ఏళ్ల సగటునే వాడండి. ఎత్తులో మార్పును ద్రవ్యరాశిగా మార్చేటప్పుడు ఘనమీటరుకు 850 కిలోలు తీసుకోవడం ఆనవాయితీ, దాని చుట్టూ 60 కిలోల అనిశ్చితి ఉంది. తర్వాత మోడిస్ ఉపగ్రహపు 500 మీటర్ల మంచు పటాలతో, 2000 నుంచి ప్రతి పట్టీలో మంచు ఎప్పుడు మాయమవుతోందో పోల్చండి. చివరగా ప్రవాహంతో నేల, భూగర్భ జలాల పారామీటర్లను మాత్రమే సర్దండి. ప్రవాహం సరిపోవడం లేదని మళ్లీ వెళ్లి డిగ్రీ-డే విలువను కదిలించాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. సరిపోకపోతే తప్పు ఎక్కువగా వాన డేటాలో ఉంటుంది. మూడో అడుగులో చెప్పిన చిక్కును గుర్తు చేసుకుని, మంచు పరిమాణపు గుణకాన్ని తిరిగి చూడండి.

ఒక్క పారామీటరు గుంపుతో ఆగకండి. మూడు పరిశీలనలకూ సరిపోయే యాభై, వంద గుంపులు దాచుకుని, వాటన్నిటితో భవిష్యత్తును నడపండి.

నేల మీది కొలతలు దొరికితే వదులుకోవద్దు. హిమాచల్‌లోని ఛోటా శిగ్రీలో 2002 నుంచి, స్వీడన్‌లోని స్టోర్‌గ్లాసియారెన్‌లో 1945-46 నుంచి ద్రవ్యరాశి సమతుల్యతను, అంటే చేరిన మంచుకు, కరిగినదానికి మధ్య తేడాను, ఏటా కొలుస్తున్నారు. మీ పరీవాహక ప్రాంతం వేరైనా, మీ కోడ్‌ను అలాంటి చోట ఒకసారి నడిపి చూస్తే ఎత్తును బట్టి సమతుల్యత ఎలా మారుతోందో తెలుస్తుంది.

8. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా పరీక్షించాలి

నేల, మంచు ఖాతాలకు మూడు నుంచి ఐదేళ్ల వార్మప్ (ఫలితాలు లెక్కలోకి తీసుకోకుండా ముందుగా నడిపే కాలం) చాలు. హిమానీనదాన్ని మాత్రం సమతుల్య స్థితికి వచ్చేదాకా నడిపి మొదలుపెట్టకండి. నిజమైన హిమానీనదాలు ఇప్పుడు సమతుల్యతలో లేవు, అవి గత దశాబ్దాల వేడిని ఇంకా అరిగించుకుంటున్నాయి. ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందు కన్నా 1.2 డిగ్రీల పెరుగుదల దగ్గరే ఆగిపోయినా, 2020 నాటి ఐస్‌లో దాదాపు 39 శాతం చివరికి పోతుందని జెకొల్లారి బృందం 2025లో ప్రచురించింది. బలవంతంగా సమతుల్యం చేస్తే ఈ బాకీ మొత్తం మాఫీ అయిపోతుంది. 1980 ప్రాంతంలో మొదలుపెట్టి, జాబితా తేదీ నాటికి గమనించిన విస్తీర్ణం వచ్చేలా ప్రారంభ స్థితిని వెతకడం సరైన పద్ధతి. రెండో అడుగులో రాసుకున్న తేదీల పట్టిక ఇక్కడే పనికొస్తుంది.

పరీక్షకు ఆరు వేడి సంవత్సరాలు పక్కన పెట్టి, చల్లని సంవత్సరాలతో సర్దిన మోడల్ వాటిలో ఎలా నడుస్తుందో చూడండి. ఈ రకం పరీక్షను క్లెమెష్ 1986లో సూచించాడు. వేడెక్కే భవిష్యత్తుకు వాడే మోడల్‌కు ఇది కనీస అర్హత అని నా అభిప్రాయం.

9. భవిష్యత్తు

సీఎంఐపీ6 అనే అంతర్జాతీయ మోడళ్ల సంకలనం నుంచి కనీసం ఐదారు వాతావరణ మోడళ్లు, రెండు మూడు ఉద్గార మార్గాలు తీసుకోండి. వాటి పక్షపాతాన్ని (ఎప్పుడూ ఒకే వైపుకు తప్పడాన్ని) సవరించేటప్పుడు వేడెక్కే ధోరణిని చెరపని పద్ధతి ఎంచుకోండి. సున్నా డిగ్రీల చుట్టూ అర డిగ్రీ తేడా కూడా మంచును వానగా మార్చేస్తుంది కాబట్టి, సవరణ తర్వాత చారిత్రక కాలంలో మంచు వాటా సరిగ్గా ఉందో లేదో తప్పనిసరిగా చూడండి. వాతావరణ మోడళ్ల ఏ ఒక్క సంవత్సరాన్నీ క్యాలెండర్ సంవత్సరంతో పోల్చకూడదు. ఇరవై, ముప్పై ఏళ్ల సగటులే చెప్పండి.

మీ ఫలితం నమ్మదగ్గదా అని తెలుసుకోవడానికి ప్రపంచ స్థాయి అంచనాలు ఒక కొలమానం. 2015తో పోలిస్తే 2100 నాటికి హిమానీనదాలు 1.5 డిగ్రీల పెరుగుదలకు 26 శాతం, 4 డిగ్రీలకు 41 శాతం ద్రవ్యరాశి కోల్పోతాయని రౌన్స్ బృందం 2023లో చెప్పింది. చిన్న హిమానీనదాలున్న ప్రాంతాల్లో నష్టం ఇంతకన్నా చాలా ఎక్కువ. కారాకోరంలో మాత్రం ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో దాదాపు సమతుల్యత కనిపించింది. మీ అంకె వీటికి దూరంగా ఉంటే తప్పని కాదు, కారణం చూపించగలగాలి.

10. ఫలితం చెప్పే తీరు

హిమానీనదపు నీరు అన్న ఒక్క మాటకు మూడు అర్థాలున్నాయి. ప్రారంభంలో హిమానీనదం ఉన్న నేల నుంచి వచ్చే మొత్తం నీరు ఒకటి. ఐస్ కరిగిన నీరు మాత్రమే రెండోది. నిల్వ తరుగుదల వల్ల వచ్చిన అదనపు నీరు మూడోది. ఒకే మోడల్, ఒకే నది, మూడు అర్థాలకు మూడు వేర్వేరు శాతాలు వస్తాయి. ఏది వాడారో గ్రాఫ్ మీదే రాయండి.

గరిష్ఠ నీటి సంవత్సరాన్ని, అంటే హిమానీనదపు నీరు శిఖరానికి చేరి ఆ తర్వాత తగ్గడం మొదలయ్యే ఏడాదిని, లెక్కగట్టేటప్పుడు మొదటి అర్థాన్ని, స్థిరమైన పాత హద్దులతో వాడాలి. హద్దులు కుదించుకుంటూ పోతే, హిమానీనదం తప్పుకున్న నేల మీద పడే వాన లెక్కలోంచి జారిపోయి శిఖరం ముందే వచ్చినట్టు కనిపిస్తుంది. హుస్, హాక్ 2018లో పరిశీలించిన 56 పెద్ద పరీవాహక ప్రాంతాల్లో దాదాపు సగం ఇప్పటికే ఈ శిఖరాన్ని దాటేశాయి. ఏడాది మొత్తం ప్రవాహంతో పాటు నెలల వారీ పంపకం కూడా చూపండి. మొత్తం పెద్దగా మారకపోయినా, ఎండలు ముదిరిన నెలల్లో నీరు తగ్గి, వసంతంలో పెరగడమే దిగువన పంటలు వేసేవారికి, జలాశయాలు నడిపేవారికి ముందుగా తగిలే మార్పు. గ్రాఫ్‌తో పాటు ఏడాదికి ఒకటి చొప్పున నిల్వ పటాలు కూడా ఇవ్వండి. ఎక్కడైనా మంచు బురుజు మిగిలి ఉంటే చూసినవారు అక్కడే పట్టుకోగలుగుతారు.